త్రవ్వువాని హక్కు



ఏ ఉపాధ్యాయుని పేర ఈ వార్షికోపన్యాసము జరుగుచున్నదో ఆయన భూగర్భశాస్త్రమును బోధించినవారు. శిలలయందు ఎంత ఆసక్తి కలవారో, శిలను పగులగొట్టు మనుష్యునియందును అంత ఆసక్తి కలవారు. శిష్యులు క్షేత్రపర్యటనకు పోయి వచ్చినపుడు రాతి పేరును, వయస్సును, పొరల వాలును వ్రాసి తెచ్చిన చాలదనియు, ఆ రాతిని బండి కెత్తినవాని దినకూలి యెంతయో, అది పట్టణములో ఏ ధరకు అమ్ముడుపోవునో కూడ వ్రాసి తేవలెననియు పట్టుపట్టెడివారు. అట్టివారి స్మృతికి అంకితమైన వేదికపై బృహద్యంత్రముల గనులను గూర్చి ప్రసంగించుటకంటె, గునపము, సమ్మెట, జల్లెడ, తట్ట తప్ప వేఱు పెట్టుబడి లేనివారి గనులను గూర్చి ముచ్చటించుట ఉచితమని తలంచితిని.

గని యనగానే మన మనస్సునకు తోచునది సింగరేణి భూగర్భమార్గములో, కోలారు బంగారు బావులో, మంగంపేట బెరైటీసు గుంతలో అగును. కాని గనులలో చెమటోడ్చు మనుష్యులను లెక్కించి చూచినచో విషయము వేఱుగా నుండును. ప్రపంచబ్యాంకు 2020వ సంవత్సరపు నివేదిక ననుసరించి, చేతి పనిముట్లతోడను చిన్నపాటి యంత్రములతోడను ఖనిజములను త్రవ్వి జీవించువారు 80 దేశములలో సుమారు 4.5 కోట్లమంది కలరు. వీరిలో అధికభాగము గ్రామవాసులు. సేద్యము లేని నెలలలో గనికిని, గని లేని నెలలలో సేద్యమునకును పోవుచు కాలము గడుపువారు. వీరి పనిని ప్రభుత్వములు చాలకాలము రెండే విధములుగా చూచినవి: లైసెన్సు ఉన్నచో ఆదాయము, లేనిచో దొంగతనము. త్రవ్వు మనిషి ఈ రెండింటిలో దేనియందును కానరాడు. త్రవ్వకము బాధ్యతాయుతముగా జరుగవలెనని నేడు అందఱును కోరుచున్నారు, నేనును కోరుచున్నాను. అయితే బాధ్యత యనునది హక్కును పందిరిగా చేసికొని ప్రాకు తీగ. రేపు తనది కాని గుంతను ఈనాడు పదిలముగా త్రవ్వుమని ఎవనికిని బోధింపజాలము.

ఈ వృత్తి మనకు క్రొత్తది కాదు. 18వ శతాబ్ది పూర్వార్ధమున బ్రెజిలు దేశములో వజ్రములు బయల్పడువరకును లోకమునకు వజ్రములను సమకూర్చిన స్థానములలో ప్రధానమైనది మన కృష్ణా పెన్నా పరీవాహక భూమియే. గోల్కొండ రాజ్యమునకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథమును 1676లో ప్రకటించెను. కృష్ణాతీరమునందలి కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలసి 60,000 మందికి దగ్గఱగా పనిచేయుచుండిరని అతడు వ్రాసినాడు. పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మట్టిని మోసికొనిపోయి, గోడ కట్టిన ఆవరణములో పోసి, నీటితో తడిపి, ఎండబెట్టి, ధాన్యమును చెరిగినట్లు చెరిగి, గడ్డలను దంచి, పిమ్మట చేతులతో వెదకెడివారట. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయగర్భమున నున్నది. అచటి పాత గుంతలను చూడగోరువారికి ఇక ఆ భాగ్యము లేదు.

అదే గ్రంథములో మఱియొక గనిని వర్ణించుచు తావెర్నియే చెప్పిన సంగతి యొకటి నా విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. పనిలో ఆఱితేఱినవారైనను అచటి శ్రామికులకు ఏడాదికి 3 వరహాలకంటె గిట్టెడిది కాదు. అంత తక్కువ జీతముండుటచేతనే, సందు దొరికినపుడు రాయిని దాచుకొనుటకు వారు ఏమాత్రమును సంకోచింపరనియు, గోచి తప్ప గుడ్డ లేని ఆ జనులు రాతిని మ్రింగి వేయుటయు కలదనియు అతడు నిర్మొహమాటముగా వ్రాసినాడు. కొనుగోళ్లపై రాజునకు నూటికి 2 వంతున సుంకము కలదు. వర్తకునకు లాభము కలదు. గని గుత్తకు పుచ్చుకొన్నవానికి ఆదాయము కలదు. త్రవ్వినవానికి మాత్రము వాటా లేదు, కనుక దొంగతనమే వాని వాటా అయ్యెను. కాపలాదారులను ఇబ్బడిముబ్బడిగా నియమించినను ఆ దొంగతనము మానలేదు. మూడువందల యేండ్లకు పైబడిన ఈ సాక్ష్యమును నేటి గనులశాఖల ఉత్తరువులను వ్రాయువారు ఒకమాఱు చదివినచో మేలు.

ఏలయనగా కథ అచటితో ముగియలేదు. నేటికిని తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లాలోని తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర ప్రాంతముల చేలకును, అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు చుట్టుప్రక్కలకును జనులు తండోపతండములుగా వచ్చుచుందురు. వజ్రకరూరు ప్రాంతములో వజ్రములకు మాతృశిలయైన కింబర్లైటు గొట్టములు కలవని భూగర్భ సర్వేక్షణ శాఖవారు ఎన్నడో గుర్తించినారు. యుగయుగములుగా ఆ శిల చివికి, వానకు కొట్టుకొనిపోయి, దానిలోని రాళ్లు నేలమట్టిలో చెదరిపోయినవి. దుక్కి దున్నిన చేనిలో మొదటి వాన మన్నును కడుగగా రాయి తేలును. మబ్బు విడిచి ఎండ కాసినపుడు మెఱయును. మూట ముల్లెతో, పిల్లాపాపలతో పొరుగు జిల్లాలనుండియు కర్ణాటకమునుండియు వచ్చినవారు చెట్ల నీడలను, గుడి మండపములలోను తలదాచుకొని, తల వంచుకొని చేలగట్లవెంట నడచుచుందురు. విత్తనము వేయవలసిన అదనులో తన చేను త్రొక్కిడిపడుచున్నదని రైతు మొఱపెట్టును. అతని మొఱ న్యాయమైనదే.

రాయి దొరికినవాని గతి ఏమి? భూమిలోని వజ్రము ప్రభుత్వ సొత్తను భయమొకటి, నలుగురికి తెలిసినచో పంచాయతీ వచ్చునను భయమొకటి. కావున వాడు రాత్రికి రాత్రి దళారి యింటికి పోవును. దళారి చెప్పినదే బరువు, వాడు చెప్పినదే జాతి, వాడు చెప్పినదే ధర. మఱునాడు పత్రికలలో కూలివానికి లక్షలు దొరికెనని వార్త వచ్చును. ఆ వార్త చదివి మఱి వేయిమంది బయలుదేరుదురు. రిక్తహస్తములతో ఇల్లు చేరినవారిని గూర్చి ఏ పత్రికయు వ్రాయదు. ఈ వ్యవహారములో ప్రభుత్వమునకు రాయల్టీ రాదు, రైతునకు నష్టపరిహారము రాదు, వెదకినవానికి తగిన మూల్యము రాదు. లాభము పొందువాడు ఒక్కడే, వానిని ఏ రికార్డులోను వెదకి పట్టజాలము.

దీనికి భిన్నమైన పద్ధతి మన దేశములోనే కలదు. మధ్యప్రదేశ్ రాష్ట్రములో పన్నా యను జిల్లా కలదు. అచట వజ్రముల కార్యాలయమను ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయమున్నది. ఏ సామాన్యుడైనను దరఖాస్తు పెట్టుకొని, సుమారు 200 రూపాయల స్వల్ప రుసుముతో ఏడాది కాలమునకు 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల చిన్న చెక్కను పట్టాగా పొందవచ్చును. అందులో తాను, తన కుటుంబము, కూలీలు త్రవ్వుదురు. దొరికిన రాతిని కార్యాలయములో దాఖలు చేసినచో, అచట దానిని తూచి, వెలకట్టి, బహిరంగముగా వేలము వేయుదురు. రాయల్టీయు పన్నును కలసి 12 శాతమునకు అటునిటుగా మినహాయించుకొని, తక్కినది దొరికినవానికి చెల్లింతురు. తావెర్నియే వర్ణించిన గనిలో ఏడాదికి వరహాల లెక్కన కూలి పొందినవాని వంశీయుడు ఇచట వేలపుపాటలో పేరు చెప్పించుకొని నిలువగలడు.

పన్నా పద్ధతి నిర్దోషమని నేననుట లేదు. వేలము జరిగి డబ్బు చేతికి వచ్చుటకు నెలలు పట్టుటచేత, అప్పుల వాండ్లు ఇంటికి వచ్చి కూర్చుండగా, కొందఱు రాతిని రహస్యముగా అమ్ముకొనుచున్నారు. గుంతలు పూడ్చు నియమము కాగితముపై నున్నంత గట్టిగా నేలపై లేదు. త్రవ్వు కూలీలలో ధూళివలన రొమ్ము జబ్బు పట్టినవారును కలరు. అయినను అందు ఒక మౌలికమైన సుగుణమున్నది: నిజము చెప్పినవానికి లాభముండు ఏర్పాటది. కర్నూలు చేలలో ప్రస్తుతము అబద్ధమాడినవానికే లాభము. రైతు అనుమతిని, రైతు వాటాను తప్పనిసరి చేసి, విత్తు పనులకు ముందుగా ఇన్ని దినములని గడువు పెట్టి, రాతిని దాఖలు చేసిన దినముననే అంచనా విలువలో సగమైనను బయానాగా ఇచ్చు కార్యాలయమును పత్తికొండలోనో గుంతకల్లులోనో తెఱచినచో, పన్నాకంటె మేలైన పద్ధతినే మనము నెలకొల్పగలము. ఇందులకు కావలసినది ఒక తక్కెడ, ఒక నిపుణుడు, ఒక ఇనుపపెట్టె. వీనికి మించిన వ్యయము లేదు.

వజ్రముల ముచ్చట మనోహరమగుటచే దానియొద్ద కొంత ఎక్కువగా నిలిచితిని. కాని తెలుగునేలపై చిన్న గని యనగా ముఖ్యముగా రాయి. బేతంచెర్ల, తాడిపత్రి, తాండూరు నాపబండలు పఱచిన ఇండ్లలో పుట్టి, మార్కాపురం పలకపై ఓనమాలు దిద్దినవారు ఈ సభలో చాలమంది యుందురు. మన చెఱువు కట్టలు, బావుల రాతికట్టడములు, కోటగోడలు, రైలుదారుల కట్టలు అన్నియు వడ్డెరల చేతిపనియే. వారిలో రాతివడ్డెలని, మన్నువడ్డెలని పనినిబట్టి పూర్వమునుండి భేదమున్నది. బండపై మంట పెట్టి పొరను లేపుట, ఉలితో వరుసగా గుంటలు తొలిచి ఇనుప చీలలు దిగగొట్టి గీత గీచినట్లు చీల్చుట, సమ్మెటతో తట్టి నాదమునుబట్టి లోపలి పగులును కనుగొనుట, ఇవి ఏ కళాశాలలోను బోధింపబడని విద్యలు. ఈ విద్యావంతులనే మనము కూలీలని పిలుచుచున్నాము.

వడ్డెర సహకార సంఘములకు రాతిక్వారీల కేటాయింపులో ప్రాధాన్యమీయవలెనని ప్రభుత్వములు నియమములు చేసినవి. సదుద్దేశమే. కాని కంప్రెసరు, జిలెటిన్, లారీ, క్రషరు మిల్లు, వీనికి కావలసిన మూలధనము సంఘమునకు ఎక్కడిది? బ్యాంకు దానికి అప్పీయదు, ఏలయన హామీగా పెట్టుటకు దానికి ఆస్తి లేదు. అంతట గుత్తేదారు ప్రవేశించును. లీజు కాగితము సంఘముది, యంత్రములు గుత్తేదారువి. కొంతకాలమునకు సంఘ సభ్యులే తమ పేర నున్న క్వారీలో గుత్తేదారు క్రింద కూలీలగుదురు. హక్కును కాగితముపై నిచ్చి, దానిని అనుభవించు సాధనమును ఇవ్వకుండుట వట్టి దానమే యగును.

ఇచట చట్టములోని ఒక విచిత్రమును మీ దృష్టికి తెచ్చుట నా విధి. గని కార్మికుల రక్షణకై 2025వరకు మనకు 1952వ సంవత్సరపు గనుల చట్టముండెను. గాలి, వెలుతురు, త్రాగునీరు, వైద్యపరీక్ష, ప్రమాద విచారణ, వీనినన్నింటిని అది శాసించెను. అయితే దాని మూడవ సెక్షను మేరకు, కట్టడపు రాయి, పలకరాయి, కంకర, సున్నపురాయి మొదలగువానిని త్రవ్వు బహిరంగ గుంత 6 మీటర్ల లోతునకు మించక, ఒక్క దినమున పనిచేయువారు 50 మందికి మించక, ప్రేలుడు పదార్థములు వాడక యున్నచో, ఆ చట్టములోని అధిక నిబంధనలు ఆ గుంతకు వర్తింపకుండెడివి. పెద్ద గనికి ఉద్దేశించిన కట్టుబాట్లు చిన్నవానిపై భారము కాకూడదను దయతోనే శాసనకర్తలు ఈ మినహాయింపు నిచ్చియుందురు. కాని అదే చిన్నవాడు అనుమతి లేక త్రవ్వినచో, 1957వ సంవత్సరపు ఖనిజముల చట్టము 2015లో సవరింపబడిన పిమ్మట, 5 ఏండ్లవరకు కారాగారమును, హెక్టారునకు 5 లక్షల రూపాయలవరకు జరిమానాను విధింపవచ్చును. రక్షించు చట్టము వానిని చూడజాలనంత చిన్నవానిగా భావించినది. శిక్షించు చట్టమునకు మాత్రము వాడు చక్కగా కనబడుచున్నాడు.

ఈ లోపమునకు మూల్యము ఊపిరితిత్తులలో చెల్లింపబడుచున్నది. రాతిలోని సిలికా సన్నని ధూళియై, కంటికి కనబడని అణువులుగా లోపలికి పోయి, ఊపిరితిత్తులను మచ్చలు గట్టించి గట్టిపఱచును. దానినే సిలికోసిస్ అందురు. దానికి నివారణ కలదుగాని చికిత్స లేదు. దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట చూచి వైద్యుడు క్షయ యనుకొని నెలల తరబడి క్షయ మందులే ఇచ్చుటయు, రోగి నలువది యేండ్లు నిండకయే పనికి దూరమగుటయు ఈ గ్రామములలో అరుదు కాదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక బలపములు కోయువారు ఈ వ్యాధితో రాలిపోగా, ఆ పరిశ్రమపై పన్ను వేసి కార్మికుల సంక్షేమనిధి నేర్పఱచుటకు ఆ రాష్ట్రము ప్రత్యేకముగా శాసనము చేయవలసి వచ్చెను. రాజస్థాన్ ప్రభుత్వము 2019లో ప్రకటించిన విధానముచే, సిలికోసిస్ నిర్ధారింపబడిన కార్మికునకు 3 లక్షల రూపాయలును, అతడు మరణించినచో కుటుంబమునకు 2 లక్షలును లభించుచున్నవి. ఆ విధానములో నాకు అన్నింటికంటె నచ్చినది, యజమాని యెవరో రుజువు చేయలేని కార్మికుని కూడ అది ఆదుకొనుట. తెలుగు రాష్ట్రములు రెండును దీనిని అనుకరించుటకు వెనుదీయవలసిన పని లేదు.

నివారణ యెంత సులభమో చెప్పిన నమ్మరు. రంధ్రము తొలుచుచోట సన్నని నీటిధార పడునట్లు చేసినచో ధూళిలో చాలభాగము అచటనే బురదయై అణగిపోవును. దీనికి ఒక పీపా, ఒక రబ్బరు గొట్టము చాలును. మఱి ఏల జరుగదు? రాయలసీమ వేసవిలో త్రాగుటకే నీరు లేని క్వారీకి పీపానీరు తేవలెనన్న టాంకరు ఖర్చు. ఆ ఖర్చు ఎవరిదను ప్రశ్న వచ్చినచోట రోజుకూలివాడు పెట్టుకోడు, గుత్తేదారు పెట్టడు. మూతికి గుడ్డ కట్టుకొమ్మని గోడమీద ప్రకటన మాత్రము అతికింపబడును. ఆ గుడ్డ ఈ ధూళిని ఆపజాలదు.

సహకార సంఘములను గూర్చి చెప్పునపుడు, 1997 జూలై 11వ తేదీన సుప్రీముకోర్టు వెలువరించిన సమత తీర్పును స్మరింపకుండ రాదు. విశాఖ మన్యములో అనంతగిరి మండలమున, బొఱ్ఱా గుహల పరిసరములలో గిరిజనుల భూములను గిరిజనేతరులకు గనుల లీజుగా ఇచ్చుటపై పుట్టిన వివాదమది. షెడ్యూల్డు ప్రాంతములో భూబదిలీని నిషేధించు నిబంధనలు ప్రభుత్వమునకును వర్తించుననియు, అచటి ఖనిజములను త్రవ్వదలచినచో ప్రభుత్వ సంస్థగాని, కేవలము గిరిజనులతో కూడిన సహకార సంఘముగాని త్రవ్వవలెననియు, నికరలాభములో కనీసము 20 శాతమును ఆ ప్రాంతపు విద్య, వైద్యము, నీరు, రహదారులకై నిధిగా ఉంచవలెననియు న్యాయస్థానము పలికెను. దీనికి ముందు సంవత్సరముననే, అనగా 1996లో, షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ చట్టము చిన్న ఖనిజముల లీజునకు గ్రామసభయో పంచాయతీయో ముందుగా సిఫారసు చేయవలెనని శాసించియుండెను. ప్రపంచములో మఱి పెక్కు దేశములు ఇంతటి స్పష్టతను నేటికిని పొందలేదు. అయినను గిరిజన సంఘము పేర లీజును, పట్టణములోని ధనికుని పేర లాభమును ఉండు బినామీ వ్యవహారము మన్యములో తలయెత్తుచునే యున్నది. తీర్పు హక్కునిచ్చెను, సర్వేయరును, గణకుని, విక్రయమార్గమును అందింపవలసినవారు ప్రభుత్వాధికారులు. వారు ఆలసించిరి.

ఇతర దేశముల అనుభవమును ఇచట క్లుప్తముగా చెప్పి ముందునకు పోవుదును. ఘానా దేశము 1989లోనే చిన్న బంగారు గనులను చట్టబద్ధము చేసినది. కాని లైసెన్సుకై రాజధాని చుట్టు తిరుగవలసి వచ్చుటచేతను, మంచి భూములు అప్పటికే పెద్ద కంపెనీల చేతిలో నుండుటచేతను, అత్యధికులు చట్టమునకు వెలుపలనే యుండిపోయి, పాదరసముతో నదులను కలుషితము చేయుచున్నారు. పాదరసమును గూర్చి 2013లో కుదిరి 2017లో అమలునకు వచ్చిన మినమాతా ఒడంబడిక సైతము, అట్టి గనులు విస్తారముగా గల దేశము తన ప్రణాళికలో ఈ త్రవ్వకపువారిని చట్టపరిధిలోనికి తెచ్చు చర్యలను చేర్చవలెనని చెప్పుట గమనింపదగినది. విషమును మాన్పించుటకు మొదట మనిషిని లెక్కలోనికి తీసికొనవలెనని అంతర్జాతీయ న్యాయవేత్తలును ఒప్పుకొనిరి.

మన యొద్ద పర్యావరణపు అనుమతి విషయములోను ఇట్టి చిక్కే యున్నది. 2012లో దీపక్ కుమార్ కేసులో సుప్రీముకోర్టు, 5 హెక్టారులకు లోబడిన చిన్న ఖనిజపు లీజులకును పర్యావరణానుమతి కావలెనని ఆదేశించెను. నదులలో ఇసుకను ముక్కముక్కలుగా లీజులు చేసి లోడివేసిన వైనమును చూచినవారెవరును ఆ తీర్పును తప్పుపట్టరు. కాని రెండెకరముల నాపరాతి గుంతకు నివేదిక వ్రాయించుటకు సలహాదారునికి చెల్లించు రుసుము ఆ గుంత యజమానికి పెనుభారము. పెద్దవానికి అది చేతిఖర్చు. ఒక ఊరి చుట్టునున్న గుంతలన్నింటికి కలిపి ప్రభుత్వమే ఒక్క అధ్యయనము చేయించి, ఎంత లోతువరకు త్రవ్వవచ్చునో, మట్టి యెక్కడ పోయవలెనో, విడిచిన గుంతను ఎవరు పూడ్చవలెనో నిర్ణయించి, ఆ ఖర్చును రాయల్టీనుండి రాబట్టుకొనుట న్యాయము.

డబ్బు లేదను మాట చెల్లదు. ఖనిజముల చట్టపు 2015 సవరణతో ప్రతి గని జిల్లాలోను జిల్లా ఖనిజ నిధి ఏర్పడెను. ముఖ్య ఖనిజముల విషయములో, ఆ యేడు జనవరి 12వ తేదీకి పూర్వపు లీజుదారులు రాయల్టీపై 30 శాతమును, తరువాతివారు 10 శాతమును దీనికి అదనముగా చెల్లించుచున్నారు. చిన్న ఖనిజములకు ఎంత చెల్లింపవలెనో రాష్ట్రములు నిర్ణయించుకొనును. గనులచే బాధితులైనవారి మేలునకే ఈ నిధి. దానిని సిమెంటు రోడ్లకును, కార్యాలయ భవనములకును వెచ్చించుట తేలిక, ఏలయన వానికి ప్రారంభోత్సవములుండును. రొమ్ము ఎక్సురేకు ప్రారంభోత్సవముండదు. బేతంచెర్లకును మార్కాపురమునకును ఎక్సురే యంత్రముతో కూడిన బండి యేడాదికి రెండుమాఱులు పోవలెను. క్వారీ నీటి టాంకరు ఖర్చును ఆ నిధియే భరింపవలెను. వడ్డెర సంఘము కంప్రెసరు కొనుటకు బ్యాంకువారు హామీ కోరినచో ఆ హామీ అచటినుండియే రావలెను. వీనిని పట్టుబట్టి అడుగగలవాడు ఆ నిధి పాలకమండలిలో నుండవలెను. కలెక్టరుగారును ప్రజాప్రతినిధులును కూర్చుండు ఆ బల్లయొద్ద, గ్రామసభ ఎన్నుకొన్న రాతిపనివాడో పనికత్తెయో ఒకరికి ఓటుతో కూడిన స్థానమీయవలెనని ఈ వేదికనుండి ప్రభుత్వములకు విన్నవించుచున్నాను. నియమావళిలో ఒక వాక్యము చేర్చిన ఇది సాధ్యమగును; దానికి పార్లమెంటు ఆమోదము అవసరము లేదు, రాష్ట్రప్రభుత్వపు ఉత్తరువు చాలును.